సాక్ష్యం చెప్పడం ఎలా: స్వానుభవంతో క్రైస్తవ విశ్వాసాన్ని ధైర్యంగా పంచుకోవడానికి సమగ్ర మార్గదర్శి

ఆరాధన మధ్యలో "సాక్ష్యం చెప్పాలనుకునేవారు ముందుకు రావచ్చు" అన్న పిలుపు వినబడగానే తల వంచుకొని బైబిలు పేజీలు తిరగేసేవారు ప్రతి సంఘంలోనూ ఉంటారు. నేను చాలాకాలం ఆ వరుసలోనే కూర్చున్నాను. ఆ తరువాత కొన్నేళ్లు పిలవకముందే లేచి నిలబడేవారి వరుసకు మారాను. ఈ రెండు దశల్లోనూ నాలో ఉన్న లోపం ఒకటే: నేను చెప్పబోయే దానిలో ఎంతమేరకు నేను నిజంగా సాక్షినో నాకే తెలియదు. తెలియనప్పుడు భయపడ్డాను, భయం పోయాక అతిశయోక్తికి అలవాటుపడ్డాను. ధైర్యం గొంతు పెంచడం వల్ల రాదని, మన మాటల్లో మనం నిరూపించలేనిది ఏదీ మిగలనప్పుడు అది దానంతట అదే వస్తుందని నాకు ఆలస్యంగా అర్థమైంది. ఈ మార్గదర్శి ఆ అవగాహన మీదనే సాగుతుంది.

మొదటి అడుగు: సాక్షి పని ఏమిటో తేల్చుకోవడం

అపొస్తలుల కార్యములు 1:8లో శిష్యులతో ప్రభువు "నాకు సాక్షులైయుందురు" అన్నాడు. అక్కడ సాక్షికి వాడిన గ్రీకు మాట మార్తుస్. తరువాతి కాలంలో విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన హతసాక్షికి కూడా అదే మాట వాడుకలోకి వచ్చింది గాని, దాని మొదటి అర్థం న్యాయస్థానానికి సంబంధించినది. చూసినదాన్ని, విన్నదాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే సాక్షి. వాదించడం న్యాయవాది పని, తీర్పు చెప్పడం న్యాయమూర్తి పని. మనలో చాలామంది ఈ మూడు పనులనూ నెత్తిన వేసుకొని, ఆ బరువుకే నోరు మెదపలేకపోతున్నారు.

ఈ తేడాను యోహాను సువార్త 9వ అధ్యాయం చూపినంత స్పష్టంగా మరేదీ చూపదు. యేసు వల్ల ఒక పుట్టు గుడ్డివానికి చూపు వచ్చింది. ఇరుగుపొరుగువారు అడిగారు, యూదుల మతనాయకులైన పరిసయ్యులు అడిగారు, సమాజమందిరం నుండి వెలివేస్తారన్న భయంతో అతని తల్లిదండ్రులు "వాడు వయస్సు వచ్చినవాడు, వానినే అడుగుడి" అని తప్పుకున్నారు. యేసు పాపి అని ఒప్పించడానికి పరిసయ్యులు గద్దించినప్పుడు అతడు తనకు తెలియని దాని జోలికి పోలేదు. "ఆయన పాపియో కాడో నేనెరుగను, ఒకటి మాత్రము నేనెరుగుదును. నేను గ్రుడ్డివాడనైయుండి ఇప్పుడు చూచుచున్నాను" అన్నాడు. "నేనెరుగను", "నేనెరుగుదును" అన్న రెండు మాటలూ ఒకే వాక్యంలో పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది చెప్పగలిగినవాడే రెండవదాన్ని అంత బలంగా చెప్పగలడు.

మరొక సంగతి కూడా గమనించాలి. అదే అధ్యాయంలో అతడు మొదట "యేసు అను నొక మనుష్యుడు" అంటాడు, తరువాత "ప్రవక్త" అంటాడు, ఆ పిదప దేవుని యొద్దనుండి వచ్చినవాడని వాదిస్తాడు, చివరకు "ప్రభువా, నేను విశ్వసించుచున్నాను" అని మ్రొక్కుతాడు. అంటే అన్నీ తెలిసేవరకు ఆగి నోరు విప్పలేదు, చెబుతూ ఉండగానే అతని గ్రహింపు పెరిగింది. బైబిలు జ్ఞానం చాలదని వెనుకాడేవారు ఈ అధ్యాయాన్ని ఒకే బిగిన చదవాలి.

రెండవ అడుగు: కాగితం మీద పెట్టడం

మనసులో ఉన్న సాక్ష్యం ఎప్పుడూ గొప్పగానే ఉంటుంది. కాగితం మీద పెడితే గాని అందులోని ఖాళీలు కనబడవు. కనుక ఒక గంట సమయం కేటాయించి, ఒంటరిగా కూర్చొని రాయండి.

రాయడానికి పౌలు మాదిరి ఉంది. అపొస్తలుల కార్యములు 26వ అధ్యాయంలో అగ్రిప్ప రాజు ముందు, అధిపతియైన ఫేస్తు సమక్షంలో, సంకెళ్లతో నిలబడిన పౌలు తన కథను మూడు భాగాలుగా చెప్పాడు. 4 నుండి 11 వరకు తాను ముందు ఎలా బ్రతికాడో, 12 నుండి 18 వరకు దమస్కు మార్గంలో గొప్ప వెలుగులో యేసు తనకు ఎదురైనప్పుడు ఏమి జరిగిందో, 19 నుండి 23 వరకు ఆ తరువాత ఏమి చేశాడో వివరించాడు. మీరు కూడా కాగితాన్ని మూడు భాగాలు చేసుకోండి.

మొదటి భాగంలో చేసిన పాపాల పట్టిక వద్దు. అప్పటి మీ మనసు ఎలా ఉండేదో తెలిపే ఒక్క దృశ్యం చాలు. రెండవ భాగంలో "ప్రభువు నన్ను ముట్టాడు" అని రాసి ఊరుకోకుండా, ఎక్కడ ఉన్నారు, ఎవరు ఏమన్నారు, ఏ వాక్యం చదివారు, ఆ వాక్యంలో మిమ్మల్ని నిలవేసిన మాట ఏది అన్నవి రాయండి. చాలామంది తేలికగా వదిలేసే భాగం మూడవది, నిజానికి వినేవాడు పరీక్షించగలిగేది అదొక్కటే. మీ ఇంటివారు, మీతో పనిచేసేవారు తమ కళ్లతో చూసిన మార్పు ఏమైనా ఉంటే అది ఇక్కడ ఉండాలి. ఇంకా మారనిది ఉంటే అదీ ఇక్కడే ఉండాలి.

నా కాగితం ఎలా మారిందో చూపితే ఇది తేలికగా అర్థమవుతుంది. మొదటిసారి నేను రాసుకున్నది ఇది: "నేను కోపంలో, ద్వేషంలో, లోకాశల్లో మునిగి ఉండగా ప్రభువు తన కృపచేత నన్ను రక్షించి, నా హృదయాన్ని సమాధానంతో నింపి, నా కుటుంబాన్ని ఏకం చేశాడు." ఇందులో అబద్ధం లేదు, కాని ఏ ముఖమూ లేదు. ఈ వాక్యం ఎవరిదైనా కావచ్చు. పదిసార్లు కొట్టివేసి రాసుకున్న తరువాత మిగిలినది ఇది: "డబ్బు విషయంలో గొడవపడి నాలుగేళ్లు నేను మా తమ్ముడితో మాట్లాడలేదు. వాడి ఫోన్ నంబరు కూడా తీసేశాను. ఒక ఉదయం మత్తయి 5వ అధ్యాయం చదువుతున్నాను. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి మొదట నీ సహోదరునితో సమాధానపడుమన్న చోట ఆగిపోయాను. పుస్తకం మూసేశాను. మర్నాడు మళ్లీ అదే పేజీ. వారం తరువాత మా అమ్మను అడిగి వాడి నంబరు తీసుకున్నాను."

పుస్తకం మూసేశానన్న చిన్న మాట వాక్యం మీద నాకు ఉన్న భక్తిని తక్కువ చేస్తుందేమోనని మొదట దాన్ని తీసేశాను. కాని విన్నవారు ప్రతిసారీ గుర్తుపెట్టుకున్నది ఆ మాటనే.

మూడవ అడుగు: నాటకీయమైన కథ లేనివారి సంగతి

విశ్వాసుల కుటుంబంలో పుట్టి, చిన్నప్పటి నుండి ఆదివార పాఠశాలకు వెళ్లి, ఏ వ్యసనమూ లేకుండా పెరిగినవారు "నాకు సాక్ష్యం లేదు" అంటూ ఉంటారు. తన శిష్యుడైన తిమోతి గురించి పౌలు ఏమన్నాడో వీరు చూడాలి: ఆ విశ్వాసం మొదట అతని అవ్వయైన లోయిలోనూ, తల్లియైన యునీకేలోనూ ఉండినదని 2 తిమోతి 1:5 చెబుతోంది. దమస్కు మార్గం చూసిన పౌలుకు, మెరుపు లేని తిమోతి విశ్వాసం తక్కువగా కనబడలేదు. ఇలాంటివారు అడగవలసిన ప్రశ్న "నేను ఎప్పుడు మారాను?" అన్నది కాదు, "తల్లిదండ్రుల విశ్వాసం నా సొంతమైనదని నాకు ఏ పరిస్థితిలో తెలిసింది?" అన్నది. ఒక పరీక్ష తప్పినప్పుడో, ఒక మరణం ఎదురైనప్పుడో, దొరకదని తెలిసి అబద్ధమాడే అవకాశం వదులుకున్నప్పుడో ఆ క్షణం వచ్చి ఉంటుంది.

మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ ఉదంతం కూడా వీరికి ఉపయోగపడుతుంది. 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన ఒక కూడికకు ఆయన ఇష్టం లేకుండానే వెళ్లాడు. రోమీయులకు రాసిన పత్రికకు జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన ముందుమాటను అక్కడ ఎవరో చదువుతున్నారు. రాత్రి తొమ్మిదికి పావుగంట ముందు తన హృదయం వింతగా వెచ్చబడినట్లు అనిపించిందని ఆయన దినచర్యలో రాసుకున్నాడు. అప్పటికి ఆయన గురుత్వాభిషేకం పొంది దాదాపు పదేళ్లయింది. నాకు ఎక్కువ నచ్చేది ఆ తరువాతి మాట: ఇంటికి తిరిగి వచ్చాక శోధనలు తనను చాలా బాధించాయని కూడా ఆయన దాచకుండా రాశాడు.

నాలుగవ అడుగు: పెరిగిన కొమ్మలు కత్తిరించడం

సాక్ష్యం చెప్పినకొద్దీ పెరుగుతుంది. ఇది ఎవరూ ఒప్పుకోరు గాని అందరికీ తెలుసు. మూడు రోజుల జ్వరం వారం రోజుల జ్వరం అవుతుంది, "కష్టం" అన్న వైద్యుడు "ఆశ లేదు" అన్నవాడవుతాడు. వినేవారి ముఖాలు వెలిగినప్పుడల్లా ఒక మాట చేరుతుంది.

నా కథలో కూడా ఇదే జరిగింది. నేను ఫోన్ చేసినప్పుడు మా తమ్ముడు నిజానికి "చెప్పు" అన్నాడు, నేను క్షమించమని అడిగాను, వాడు ఏమీ మాట్లాడకుండా పెట్టేశాడు. రెండవసారి చేసినప్పుడు మాట్లాడాడు. సంఘంలో చెప్పడం మొదలుపెట్టాక, నాలుగైదుసార్లు గడిచేసరికి ఆ రెండు ఫోన్లు ఒకటైపోయాయి, "నా గొంతు వినగానే తమ్ముడు భోరున ఏడ్చాడు" అన్న వాక్యం ఎక్కడినుండో వచ్చి కూర్చుంది. ఒకరోజు మా మరదలు ఆ కూడికకు వచ్చింది. అయిపోయాక పక్కకు పిలిచి, "బావగారూ, ఆయన ఆరోజు ఏడవలేదు కదా?" అని మెల్లగా అడిగింది. అందులో నింద లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఆ తరువాత ఏడాది పాటు నేను ఎక్కడా సాక్ష్యం చెప్పలేదు.

అందుచేత ఈ నియమం పెట్టుకోండి: ఆ సంఘటనలో ఉన్న మనిషి మొదటి వరుసలో కూర్చొని వింటున్నాడనుకొని, ప్రతి వాక్యాన్నీ చదవండి. ఏ వాక్యం దగ్గర మీ చూపు పక్కకు తప్పుకుంటుందో దాన్ని కొట్టివేయండి. స్వస్థత గురించి చెప్పేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. చికిత్స తీసుకుంటే తీసుకున్నామనే చెప్పాలి, ప్రార్థన చేసినందువల్ల మందులు మానేయవచ్చన్న అర్థం వినేవారిలో ఏ మాత్రం కలగకూడదు. జవాబు దొరకని ప్రార్థనలు ఉంటే వాటినీ చెప్పవచ్చు. శరీరంలో ముల్లు అని తాను పిలిచిన బాధ తొలగిపోవాలని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు, అది తొలగలేదు, ఆ సంగతి అతడే 2 కొరింథీయులకు 12వ అధ్యాయంలో రాశాడు.

ఇతరుల రహస్యాలు మీ సాక్ష్యంలో భాగమైతే వారి అనుమతి తీసుకోండి. భర్త తాగుడు, కుమార్తె తప్పు, తోబుట్టువు అప్పు వంటివి మీ కథలో ఉండవచ్చు, అంతమాత్రాన అవి మీ సొత్తు కావు.

ఐదవ అడుగు: సంఘపు మాటలను ఇంటి మాటలుగా మార్చడం

"రక్షించబడ్డాను", "ప్రభువులోకి వచ్చాను", "భారం కలిగింది", "నడిపింపు వచ్చింది", "విడుదల పొందాను" అన్న మాటలు మనకు ఊపిరి వంటివి. బయటి మనిషికి వీటిలో ఒక్కటీ అర్థం కాదు, పైగా కొన్ని తప్పుగా అర్థమవుతాయి. "భారం కలిగింది" అంటే అతడు బరువనుకుంటాడు, "విడుదల" అంటే జైలు గుర్తుకు వస్తుంది. కాగితం మీద ఇలాంటి ప్రతి మాట కిందా గీత గీసి, ఆ మాట లేకుండా అదే సంగతిని చెప్పడానికి ప్రయత్నించండి. "మారుమనస్సు పొందాను" అనే చోట "నేను చేస్తున్నది తప్పని ఒప్పుకొని, దాన్ని మానుకొని, దేవునివైపు తిరిగాను" అనవచ్చు. "నడిపింపు వచ్చింది" అనే చోట "ప్రార్థన చేస్తుండగా వాడికి ఫోన్ చేయాలన్న ఆలోచన వచ్చింది, రెండు రోజులైనా పోలేదు" అనవచ్చు. ఇలా మార్చేటప్పుడు ఒక మాటకు సాదా తెలుగు దొరకకపోతే, ఆ మాట అర్థం మనకే సరిగ్గా తెలియదని గ్రహించాలి. నాకు "అభిషేకం" దగ్గర అలా జరిగింది.

ఆరవ అడుగు: వినేవాడిని బట్టి చెప్పడం

పౌలు మారిన కథ అపొస్తలుల కార్యములలో మూడుసార్లు, అంటే 9, 22, 26 అధ్యాయాల్లో వస్తుంది. చివరి రెండూ అతని నోటినుండి వచ్చినవే గాని ఒకేలా ఉండవు. 22వ అధ్యాయంలో యెరూషలేములో తనను చంపబోయిన యూదుల గుంపుతో హెబ్రీ భాషలో మాట్లాడుతూ, దమస్కులో తనను కలుసుకున్న విశ్వాసి అననీయ ధర్మశాస్త్రం చొప్పున భక్తిపరుడని, యూదులందరిచేత మంచి పేరు పొందినవాడని ప్రత్యేకంగా చెప్పాడు. 26వ అధ్యాయంలో రాజు ముందు అననీయ ప్రస్తావనే లేదు, దానికి బదులు "మునికోలలకు ఎదురు తన్నుట నీకు కష్టమని" (మునికోలలంటే పశువులను తోలే మొనదేలిన కర్రలు) ప్రభువు అన్న మాట వస్తుంది. సంఘటన మారలేదు, వినేవారికి ఏది అవసరమో అది ముందుకు వచ్చింది. ఇది కల్పన కాదు, ఎంపిక. నాలుగవ అడుగులో మనం కొట్టివేసినదానికీ దీనికీ ఉన్న తేడా ఇదే.

వినేవాడికి ఏది అవసరమో తెలియాలంటే ముందు మనం వినాలి. ఎదుటివారి బాధను పది నిమిషాలు అడ్డు రాకుండా వినలేనివాడికి తన కథ మూడు నిమిషాలు చెప్పే హక్కు లేదని నా అభిప్రాయం. విన్న తరువాత, "నాకూ ఇటువంటిదే ఒకటి జరిగింది, చెప్పమంటారా?" అని అడగండి. వద్దంటే అక్కడితో వదిలేయండి. అడిగి చెప్పినప్పుడు వారు వింటారు, అడగకుండా చెప్పినప్పుడు ఓర్చుకుంటారు.

మీ చేతి కింద పనిచేసేవారు, మీ వైద్యం మీద ఆధారపడిన రోగులు, మీ వద్ద చదివే పిల్లలు వద్దనలేని స్థితిలో ఉంటారు. అక్కడ మీరు చొరవ తీసుకోకూడదు. ఎవరి విశ్వాసాన్నీ, ఎవరి దేవుళ్లనూ కించపరిచే మాట సాక్ష్యంలో ఉండనవసరం లేదు. మీరు చూసినదానిలో అది భాగం కానే కాదు. సహాయం చేసి దానికి బదులుగా వినమనడం అంతకంటే తప్పు.

ఎవరితో మొదలుపెట్టాలన్న ప్రశ్నకు మార్కు 5:19లో జవాబుంది. దయ్యములు వదిలిన మనిషి తన వెంట వస్తానని బతిమాలితే యేసు ఒప్పుకోక, "నీ యింటివారియొద్దకు" వెళ్లి ప్రభువు నీకు చేసిన కార్యాలను తెలియజెప్పుమన్నాడు. ఇంటివారికి చెప్పడమే అన్నిటికంటే కష్టం, ఎందుకంటే మన మొదటి భాగం వారికి మనకంటే బాగా తెలుసు, మూడవ భాగాన్ని వారు రోజూ పరీక్షిస్తూ ఉంటారు. కాని అక్కడ నిలబడిన సాక్ష్యం ఇంకెక్కడైనా నిలబడుతుంది.

ఏడవ అడుగు: భయంతోనే నోరు విప్పడం

అపొస్తలుల కార్యములు 4:13లో పేతురు, యోహానుల ధైర్యాన్ని చూసి సభవారు ఆశ్చర్యపడ్డారు. అక్కడ ధైర్యమని అనువదించిన గ్రీకు మాట పర్రేసియ, అంటే దాపరికం లేకుండా బాహాటంగా మాట్లాడటం. ఆ మాటలో గట్టిగా అరవడం లేదు, వణకకపోవడం కూడా లేదు. అదే పౌలు తాను కొరింథులో బలహీనతతోను భయముతోను ఎంతో వణకుతోను ఉంటినని రాశాడు. విడుదలై వచ్చిన అపొస్తలులు, వారి స్నేహితులు 4:29లో చేసిన ప్రార్థన చూడండి. బెదిరింపులు ఆగిపోవాలని వారు అడగలేదు, బహు ధైర్యంగా బోధించే శక్తిని అడిగారు.

ఆచరణలో నాకు ఉపయోగపడినవి మూడే. మొదటి వాక్యాన్ని కంఠస్థం చేసుకోవడం, ఎందుకంటే భయం అంతా మొదటి వాక్యం దగ్గరే ఉంటుంది. గొంతు వణికితే "నాకు కొంచెం భయంగా ఉంది" అని చెప్పేయడం. మారకముందు నన్ను ఎరిగిన ఒక స్నేహితునికి గడియారం పెట్టుకొని మూడు నిమిషాల్లో చెప్పి చూపించడం. ఆ మూడు నిమిషాల కథను ఒక నిమిషానికి కుదించి కూడా సాధన చేయండి, ప్రయాణంలో దొరికేది తరచుగా అంతే.

ఎనిమిదవ అడుగు: ప్రశ్నలకు జవాబు

"అది కాకతాళీయం కావచ్చు కదా" అంటారు. "కావచ్చునని మీకు అనిపించడం సహజం, నేను దాన్ని అలా చూడలేకపోతున్నాను" అని చెప్పి కారణం ఒక్కటి చెప్పండి. "నీ తమ్ముడిని కలిపిన దేవుడు నా బిడ్డను ఎందుకు తీసుకుపోయాడు?" అని అడిగితే, దయచేసి ఏ వివరణా ఇవ్వకండి. తెలియదని చెప్పి, వారి పక్కన కూర్చోండి.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇది: "నా పూజలో నాకూ ఇలాంటి శాంతే దొరికింది. మీ అనుభవానికి ఉన్న విలువ నా అనుభవానికి లేదా?" దీనికి ఎదుటివారి అనుభవం అబద్ధమని అనడం మర్యాదా కాదు, మనకు తెలిసిన విషయమూ కాదు. స్వానుభవానికి ఉన్న హద్దు ఇక్కడే బయటపడుతుంది. నా శాంతి సువార్త కాదు, క్రీస్తు మరణించి, సమాధి చేయబడి, మూడవ దినమున లేచాడన్నదే సువార్త అని 1 కొరింథీయులకు 15వ అధ్యాయం చెబుతోంది. దానికి పౌలు సాక్షుల వరుసను ఇస్తూ, ఐదువందల మందికి మించిన వారిలో అనేకులు ఇంకా బ్రతికే ఉన్నారని, అంటే వెళ్లి అడగవచ్చునని సూచించాడు. కనుక మన కథ చివర ఒక సువార్త పుస్తకం వైపు వేలు చూపాలి: "నన్ను నిలవేసినవాడు ఎలాంటివాడో మీరే చదివి చూడండి." బావి దగ్గర యేసుతో మాట్లాడి, ఆయనను వచ్చి చూడమని ఊరివారిని పిలిచిన సమరయ స్త్రీ చేసినది ఇదే. ఆమె మాట విని మొదట నమ్మిన ఆ ఊరివారు, యోహాను 4:42లో, ఇకమీదట నీ మాటను బట్టి కాదు, మామట్టుకు మేము విని తెలుసుకున్నాము అన్నారు. ఆ మాటకు ఆమె నొచ్చుకున్నట్టు ఎక్కడా లేదు.

తొమ్మిదవ అడుగు: ఆపడం

చెప్పడం పూర్తికాగానే ఆపండి. నిర్ణయం తీసుకోమని ఒత్తిడి చేయకండి, ఏర్పడిన మౌనాన్ని మాటలతో నింపకండి. పౌలు అంత చెప్పాక ఫేస్తు "అతి విద్యవలన నీకు వెఱ్ఱి పట్టినది" అని కేకవేశాడు, అగ్రిప్ప "ఇంత సులభముగా నన్ను క్రైస్తవుని చేయ జూచుచున్నావే" అని లేచి వెళ్లాడు. వారు మారినట్టు లేఖనంలో లేదు.

నాతో పనిచేసే ఒకాయనకు మా తమ్ముడి సంగతి, పుస్తకం మూసిన దగ్గరనుండి ఫోన్ పెట్టేసిన దాకా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన "ఊఁ" అని పనిలో పడిపోయారు. ఏడు నెలల తరువాత ఒక సాయంత్రం ఆయనే నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడి, "ఆ రెండోసారి ఫోన్ చేసినప్పుడు మీరు మొదట ఏమన్నారు?" అని అడిగారు.